కంప్యూటరుకీ ఒక అడంగల్

ఇంట్లో కంప్యూటరు మొరాయిస్తే మనవాళ్ళు చేసే పనులకి ఒక వరస ఉంటుంది. ముందు ఒకసారి ఆపి మళ్ళీ పెడతారు. తగ్గకపోతే మూత మీద రెండు తగిలిస్తారు. అప్పటికీ దారికి రాకపోతే, తెలిసినవాళ్ళలో 'ఐటీ'లో ఉన్న మొదటి మనిషికి ఫోన్ చేస్తారు. సన్నీబ్యాంక్‌లోనూ, చుట్టుపక్కల రన్‌కార్న్, సన్నీబ్యాంక్ హిల్స్, ఎయిట్ మైల్ ప్లెయిన్స్‌లోనూ ఉన్న కొన్ని తెలుగు కుటుంబాలకి ఆ మొదటి మనిషిని నేనే. నేను చేసే ఉద్యోగం లెక్కల సాఫ్టువేరుకు సంబంధించినది. ఆ సంగతి ఎంత చెప్పినా ఎవరూ వినిపించుకోరు. కంటి డాక్టరు దొరికితే మోకాలినొప్పికి మందడగడం మనకు అలవాటే కదా!

నిజం చెప్పాలంటే ఈ ఫోన్లు నాకు ఇష్టమే. పని అయ్యాక కాఫీ వస్తుంది, ఒక్కోసారి పెసరట్టూ వస్తుంది. చిక్కల్లా మొదటి ఐదు నిమిషాల్లోనే. "ఏమైందండీ?" అంటే "పని చెయ్యట్లేదు" అంటారు. "ఏ మోడలు?" అంటే "నల్లగా ఉంటుంది" అంటారు. "విండోస్ ఎన్నో రకం?" అంటే "మా అబ్బాయి పెట్టాడు" అంటారు. మెమరీ ఎంత అంటే "బోలెడుంది, ఫోటోలు చాలానే పడుతున్నాయి" అని జవాబు. రోగి పేరూ, వయసూ తెలియకుండా వైద్యం చెయ్యమంటే ఎవరి తరం?

విచిత్రమేమిటంటే ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఆ కంప్యూటరులోనే రాసి ఉంటాయి. దానికోసం ఏమీ కొనక్కర్లేదు, ఎక్కడినుంచీ దింపుకోనక్కర్లేదు. విండోస్‌తోపాటే వచ్చే 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అనే చిన్న ప్రోగ్రాము అది. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటనీ, ఆర్ మీటనీ కలిపి నొక్కండి. ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఎమ్, ఎస్, ఐ, ఎన్, ఎఫ్, ఓ అనే ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కనే ఖాళీ వదలకుండా 32 కొట్టి ఎంటర్ నొక్కండి. అంతే!

మన ఊళ్ళలో పొలం తగాదా వస్తే ముందు ఏం చేసేవారో గుర్తుందా? అడంగల్ తీసేవారు. తెలంగాణ వాళ్ళు పహాణీ అంటారు. సర్వే నంబరెంత, విస్తీర్ణమెంత, సాగు ఎవరిది, ఏ పైరు వేశారు, నీరు ఎక్కడిది, అన్నీ అందులో ఉంటాయి. అడంగల్ చూసినంత మాత్రాన తగాదా తీరదు, కానీ నోటికొచ్చిన మాటలు ఆగుతాయి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కూడా అలాంటిదే. పైగా అది చదువుకోవడానికే తప్ప దిద్దడానికి వీల్లేనిది. మీరు అందులో ఎక్కడ నొక్కినా ఏదీ మారదు, ఏదీ చెరగదు. "ఏం నొక్కితే ఏమవుతుందో" అని భయపడే పెద్దవాళ్ళకి నేను మొదట చెప్పే మాట ఇదే.

నాకీ ప్రోగ్రాముతో పరిచయం సికింద్రాబాదులో అయింది. 1990ల చివర్లో కొత్త కంప్యూటరు కొనాలంటే ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళేవాళ్ళం. సీటీసీ అంటే మీలో చాలామందికి కళ్ళముందు మెదులుతుంది. ఒక కాగితం మీద ప్రాసెసరు ఇంత, ర్యామ్ ఇంత, హార్డ్ డిస్కు ఇంత అని కొటేషన్ రాసిచ్చేవారు. సాయంత్రానికి పెట్టెలో అన్నీ బిగించి ఇచ్చేవారు. కాగితం మీద ఉన్నది పెట్టెలో ఉందో లేదో తెలిసేదెలా? విండోస్ 98లో ఈ ప్రోగ్రాము తెరిచి, కొటేషన్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే టిక్కు కొట్టుకునేవాళ్ళం. అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేసిన మా సీనియరు ఒకాయన నేర్పిన పద్ధతి అది. ఆ రోజుల్లో సౌండు కార్డూ మోడెమూ ఒకే ఐఆర్‌క్యూ నంబరు కోసం కొట్టుకునేవి. పాట పెడితే ఇంటర్నెట్టు తెగేది. ఆ కొట్లాట కూడా ఇందులోనే 'కాన్‌ఫ్లిక్ట్స్' అనే పేరు కింద కనబడేది. విండోస్‌లు ఎన్ని మారినా, నేటి విండోస్ 11లో కూడా ఆ పేరూ, ఆ ఎడమచేతి పట్టికా అలాగే ఉన్నాయి.

ఎడమవైపు పట్టికలో పైన 'సిస్టమ్ సమ్మరీ' ఉంటుంది. దాని కింద మూడు గదులు. 'హార్డ్‌వేర్ రిసోర్సెస్' ఇప్పుడు మనకు పెద్దగా అక్కర్లేదు. 'కాంపోనెంట్స్'లో తెర, సౌండు, నెట్‌వర్కు, డిస్కులు, ప్రింటరు వంటి అవయవాలు ఉంటాయి. 'సాఫ్ట్‌వేర్ ఎన్విరాన్‌మెంట్'లో డ్రైవర్లు, సర్వీసులు, కంప్యూటరు పెట్టగానే వాటంతటవే లేచే ప్రోగ్రాములు ఉంటాయి. అన్నీ చదవక్కర్లేదు. నేనైతే సమ్మరీలో నాలుగైదు గీతలు, కాంపోనెంట్స్‌లో ఒక గీత చూస్తాను. వాటితోనే సగం రోగాలు తేలిపోతాయి.

ఉదాహరణకి 'టైమ్ జోన్' గీత చూడండి. మెల్‌బోర్న్ నుంచి ఇక్కడికి మారిన ఒక కుటుంబంలో అమ్మాయి శనివారాలు హైదరాబాదు గురువుగారి దగ్గర కంప్యూటరులో సంగీతం నేర్చుకుంటుంది. అక్కడ ఉదయం తొమ్మిది, ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. అక్టోబరు వచ్చేసరికి పాఠం తప్పడం మొదలైంది. పిల్ల గంట ముందే కూర్చుని, గురువుగారు రాలేదని విసుక్కుని లేచిపోతోంది. ఆయనేమో "మీ అమ్మాయికి శ్రద్ధ తగ్గిందమ్మా" అంటున్నారట. తీరా చూస్తే ఆ గీతలో 'ఏయూఎస్ ఈస్టర్న్ డేలైట్ టైమ్' అని ఉంది. అది సిడ్నీ, మెల్‌బోర్న్‌ల లెక్క. క్వీన్స్‌లాండ్ ప్రజలు 1992లో ఓటు వేసి మరీ డేలైట్ సేవింగ్ వద్దన్నారు. మనకు ఉండాల్సింది 'ఇ. ఆస్ట్రేలియా స్టాండర్డ్ టైమ్'. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా ఆ రెండింటికీ గంట తేడా. గడియారం అమరికలోకి వెళ్ళి బ్రిస్బేన్ అని ఎంచుకోవడంతో గురుశిష్యుల మధ్య తగవు తీరిపోయింది.

కాంపోనెంట్స్‌లో 'ప్రాబ్లమ్ డివైసెస్' అని ఒక గీత ఉంది. అక్కడ ఖాళీగా ఉంటే శుభం. ఏదైనా పేరు కనబడిందంటే కంప్యూటరు తానుగా "నాకిక్కడ నొప్పి" అని చెప్తున్నట్టే. చాలాసార్లు దాని పక్కన డ్రైవరు లేదని రాసి ఉంటుంది. డ్రైవరంటే ఫలానా పరికరంతో మాట్లాడడానికి విండోస్‌కు కావలసిన దుబాసీ. అక్కడే పొడుగాటి నంబరొకటి ఉంటుంది. అందులో 'వెన్' అనే మూడక్షరాల పక్కనున్న అంకె తయారుచేసిన కంపెనీది. 8086 అని ఉంటే ఇంటెల్. 1978లో వాళ్ళు తెచ్చిన ప్రసిద్ధమైన చిప్పు పేరే వాళ్ళ గుర్తింపు సంఖ్య అయింది. మన ఊళ్ళో మనుషులకి ఇంటిపేరు ఉన్నట్టే ఇదీనూ. ఇంటిపేరు తెలిస్తే ఎవరి గుమ్మం తట్టి డ్రైవరు తెచ్చుకోవాలో తెలుస్తుంది.

ఇక 'వెర్షన్' గీత. దీని విలువ తెలుగువాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక వింత జబ్బు పట్టింది. ఎవరైనా మన 'జ్ఞా' అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన పద్ధతిలో కూర్చి పంపితే, అది తెరమీద కనబడగానే ఆ మెసేజీ ప్రోగ్రాము కుప్పకూలేది. ప్రపంచమంతా దాన్ని 'తెలుగు బగ్' అంది. జ్ఞానానికి మొదటి అక్షరం చూసి యంత్రాలు మూర్ఛపోవడం ఒక విడ్డూరం! లోపం మన లిపిది కాదు, అక్షరాలను పేర్చి చూపించే ఆపిల్ వారి సాఫ్టువేరుది. అదే నెలలో 11.2.6 అనే వెర్షన్‌తో దాన్ని సరిదిద్దారు. ఆ రోజుల్లో "నా ఫోనుకు ప్రమాదం ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే, మీ వెర్షన్ నంబరెంత? కంప్యూటరుకైనా అదే సూత్రం. మాక్ వాడేవాళ్ళు కూడా నొచ్చుకోనక్కర్లేదు. ఆప్షన్ మీట పట్టుకుని ఆపిల్ మెనూ తెరిస్తే వాళ్ళకీ 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' ఉంది.

ఇప్పుడు మాస్టారి సంగతి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆయనే.

తెనాలి దగ్గర హైస్కూలులో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన ఆయన, ఇక్కడ సన్నీబ్యాంక్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకీ, మనవలు బడికీ పోయాక ఇల్లంతా ఆయనొక్కరే. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే కానీ వాళ్ళ చైనా భాష ఈయనకు రాదు, ఈయన తెలుగు వాళ్ళకు రాదు. పదకొండున్నరకి మాత్రం ఆయన ముఖం వెలుగుతుంది. అప్పుడు తెనాలిలో ఉదయం ఏడు. బడికి వెళ్ళేముందు పదో తరగతి పిల్లలు పదిమంది ఒక ఇంట్లో చేరతారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఈయన వాళ్ళకి బీజగణితం చెప్తారు. "రోజుకు ఆ గంటే నేను మాస్టార్నోయ్, మిగతా ఇరవైమూడు గంటలూ తాతయ్యనే" అనేవారు.

ఆ ల్యాప్‌టాప్ మందగించింది. తెర మీద పిల్లల ముఖాలు బిగుసుకుపోయేవి, ఆయన మాట సగంలో తెగేది. ఒక దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందనీ, కొత్తది కొనుక్కోవడమే దారనీ చెప్పారట. కూతురు కొంటానంది. ఆయనకి ఇష్టం లేదు. అల్లుడి డబ్బుతో తన సరదా ఏమిటని ఆయన బాధ. "పాఠాలు మానేస్తానులే, పిల్లలు వేరే చోట చేరతారు" అన్నారు నాతో. ఆ మాట అంటూ కిటికీలోంచి బయటికి చూశారు.

ఇద్దరం కలిసి సమ్మరీ తెరిచాం. ఆయనకు చదవడమంటే ఇష్టం కదా, గీత గీతకీ అర్థం అడిగారు. 'ఇన్‌స్టాల్డ్ ఫిజికల్ మెమరీ' దగ్గర 4.00 జీబీ అని ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ల్యాప్‌టాప్ అంచున అంటించిన చీటీ చూపించారు. అందులో 8 జీబీ అని ఉంది. "ఎనిమిదిలో నాలుగు ఏమైనట్టు?" అన్నారు లెక్కల మాస్టారు.

కింద మూత విప్పితే రెండు మెమరీ ముక్కల్లో ఒకటి గాడిలోంచి లేచి ఉంది. కరెంటు ఆపి, తీసి, శుభ్రంగా తుడిచి, టక్కుమనేదాకా నొక్కాం. మళ్ళీ తెరిస్తే 8.00 జీబీ. మెమరీ చాలనప్పుడు విండోస్ మిగిలిన సరుకంతా డిస్కు మీద 'పేజ్ ఫైల్' అనేచోట దించుతుంది. గాదె నిండితే బస్తాలు వీధరుగు మీద వేసినట్టు. ప్రతిదానికీ అరుగుకీ గాదెకీ తిరగాల్సి వస్తే పని మందగించక ఏంచేస్తుంది? మర్నాటి పాఠం నిరాటంకంగా సాగింది.

ఆ రోజే నేను ఆయనకు ఇంకో పని అప్పజెప్పాను. కంప్యూటరు ఆరోగ్యంగా ఉన్న రోజున ఫైల్ మెనూలో 'ఎక్స్‌పోర్ట్' నొక్కి మొత్తం వివరాలు మామూలు టెక్స్టు ఫైలుగా దాచుకోవాలి. ఒంట్లో బాగున్నప్పటి రక్తపరీక్ష రిపోర్టు దగ్గరుంటే, జబ్బు చేసినప్పుడు ఏది మారిందో తెలుస్తుంది. ఆయన దాచుకోవడమే కాదు, ముఖ్యమైన పేజీలు అచ్చు తీసి ఎర్రపెన్నుతో గీతలు గీసి ఫైలులో పెట్టుకున్నారు. సర్వీసుల పట్టికలో ఎన్ని నడుస్తున్నాయో, ఎన్ని ఆగి ఉన్నాయో లెక్కపెట్టి మార్జిన్‌లో వేసుకున్నారు. సగానికి పైగా 'స్టాప్డ్' అని ఉన్నాయి. అది మామూలే, అవసరమైనప్పుడే లేచే పనివాళ్ళు అవి అని నేను చెప్పాను.

కొన్ని వారాలకి ఒక మధ్యాహ్నం ఆయనకు ఫోన్ వచ్చింది. మైక్రోసాఫ్టు నుంచి మాట్లాడుతున్నామనీ, మీ కంప్యూటరులో వైరస్ చేరిందనీ అన్నారు. మాట్లాడిన కుర్రాడు ఈయన యాస పట్టుకుని వెంటనే "నమస్తే అంకుల్" అన్నాడట. మైక్రోసాఫ్టు అధిపతి సత్య నాదెళ్ళ హైదరాబాదు వాడే కదా, మనవాళ్ళే కాబోలని మాస్టారికి క్షణకాలం చనువు కలిగింది. ఆ కుర్రాడు 'ఈవెంట్ వ్యూయర్' తెరిపించి ఎర్రగుర్తులు చూపించాడు. తర్వాత సర్వీసుల పట్టిక తెరిపించి, "చూడండి అంకుల్, స్టాప్డ్, స్టాప్డ్, స్టాప్డ్. వైరస్ అన్నిటినీ చంపేసింది. ఒక ప్రోగ్రాము పెట్టుకోండి, నేనే లోపలికొచ్చి బాగుచేస్తాను" అన్నాడు. ఆ 'లోపలికి రావడం'తోనే బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతాయి. ఈ మోసం ప్రపంచమంతా ఇదే వరసలో నడుస్తోంది. ఎర్రగుర్తులు ఆరోగ్యంగా ఉన్న ప్రతి కంప్యూటరులోనూ ఉంటాయి. ఆగి ఉన్న సర్వీసులూ అంతే.

మాస్టారు ఫోన్ పక్కన పెట్టి, ఫైలు తీసి, మార్జిన్‌లో తాను వేసుకున్న అంకె చూసుకున్నారు. మళ్ళీ ఫోన్ తీసి, "బాబూ, పోయిన నెల కంప్యూటరు బాగున్న రోజున కూడా ఇంచుమించు ఇన్నే ఆగి ఉన్నాయి. తేడా ఏమీ లేనప్పుడు జబ్బు ఎక్కడిది?" అని అడిగారట. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయనలో గెలిచిన సంతోషమేమీ లేదు. "అంత తెలివైన కుర్రాడు, ఎవరి దగ్గర చదువుకున్నాడో" అన్నారు. కూతురికి మాత్రం చేతులు వణికాయి. ఆమె జీతం పడే ఖాతా కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే తెరుస్తారు మరి.

మైక్రోసాఫ్టు గానీ, ఇంకెవరు గానీ మీ కంప్యూటరు బాగాలేదని వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చెయ్యరు. అలాంటి ఫోన్ వస్తే పెట్టెయ్యండి. పొరపాటున లోపలికి రానిచ్చామని అనుమానం వస్తే ముందు బ్యాంకుకి ఫోన్ చెయ్యండి, ఆ తర్వాత స్కామ్‌వాచ్‌కి తెలియజెయ్యండి. గుర్తింపు వివరాలు పోయినవాళ్ళకి సాయం చేసే 'ఐడీకేర్' కూడా ఉంది. పగలు ఇళ్ళలో ఒంటరిగా ఉండే మన పెద్దవాళ్ళకి ఈ నాలుగు మాటలూ తెలుగులో ఓపికగా చెప్పండి. తిడతారేమోనన్న భయంతోనే చాలామంది పిల్లలకు చెప్పకుండా దాస్తారు.

ఈ ప్రోగ్రాము సర్వరోగ నివారిణి కాదని కూడా చెప్పాలి. ఒకరింట్లో బల్లకంప్యూటరు ఉన్నట్టుండి ఆరిపోతుండేది. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అంతా బాగుందంది. పెట్టె విప్పితే లోపల బోర్డు మీద ఎండిన బల్లి! బ్రిస్బేన్ వేసవిలో ఇళ్ళనిండా తిరిగే బల్లులకి వెచ్చని చోటు కావాలి కదా. మన బల్లిశాస్త్రంలో తల మీద, భుజం మీద పడితే ఫలాలున్నాయి గానీ మదర్‌బోర్డు మీద పడితే ఏమవుతుందో రాయలేదు. అలాగే డిస్కు లోపల అరిగిపోతున్న సంగతిని కూడా ఇది ముందుగా చెప్పదు. ఫోటోలకు వేరే కాపీ పెట్టుకోవడం మానకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్టు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ పాత యంత్రం విండోస్ 11కి పనికొస్తుందో లేదో చూడడానికి సమ్మరీలోనే 'బయాస్ మోడ్' దగ్గర యూఈఎఫ్ఐ అని ఉందా, 'ప్రాసెసర్' ఏ తరానిది, మెమరీ కనీసం 4 జీబీ ఉందా అని చూసుకోవచ్చు. 'సెక్యూర్ బూట్ స్టేట్' ఆఫ్ అని ఉంటే కంగారు పడకండి, చాలా యంత్రాల్లో దాన్ని ఆన్ చెయ్యొచ్చు. టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు సంగతి మాత్రం విండోస్ సెక్యూరిటీలో విడిగా చూసుకోవాలి. పారెయ్యమని ఎవరైనా చెప్తే, చూసుకున్నాకే పారెయ్యండి.

చివరగా ఒక జాగ్రత్త. దాచుకున్న ఆ ఫైలులో మీ పాస్‌వర్డులు ఉండవు గానీ, మీ పేరు, కంప్యూటరు పేరు, నెట్‌వర్కు చిరునామాలు ఉంటాయి. అడంగల్ కాపీని అందరికీ పంచం కదా, దీన్నీ తెలిసినవాళ్ళకే పంపండి.

ఈ ఆదివారం పావుగంట తీరిక చేసుకుని, మీ ఇంట్లో ప్రతి కంప్యూటరుకీ ఒక కాపీ తీసి పెట్టండి. అమ్మానాన్నలు మీతో ఉంటే ఆ పని వాళ్ళ చేతనే చేయించండి, పక్కన కూర్చుని. తర్వాత ఎప్పుడైనా యంత్రం మొరాయిస్తే, ఆ కాగితం చేతిలో పెట్టుకుని నాకు ఫోన్ చెయ్యండి. పని తొందరగా తెములుతుంది. కాఫీ మాత్రం మామూలే!